గోల్డ్‌ఫిష్ తొట్టిలో కొత్త చేపను వదిలే ముందు

పెరట్లో సిమెంటు తొట్టిలో గోల్డ్‌ఫిష్ ఎప్పటినుంచో పెరుగుతున్నాయి, ఇంకో రెండు తెచ్చి వదిలితే పాతవి పొడుస్తాయా అని కదా మీరు అడిగింది. పొడవవండీ. గోల్డ్‌ఫిష్‌కి ఇది నా ఇలాకా అనే పట్టింపు ఉండదు. తరుముకోవడం కనిపిస్తే, తరిమేదాని మొప్ప మూతల మీద సన్నటి తెల్ల చుక్కలు ఉన్నాయేమో చూడండి. ఉంటే అది గుడ్ల సీజన్‌లో ఉన్న మగచేప, అది కొట్లాట కాదు. అవే చుక్కలు ఒళ్లంతా, రెక్కల మీదా ఉప్పు చల్లినట్టు ఉంటే మాత్రం వైట్ స్పాట్ జబ్బు.

అసలు భయం కొత్త చేపతో కాదు, దాని ఒంటి మీద వచ్చేవాటితో. షాపులో ఒక తొట్టి నీళ్లు పక్క తొట్టిలోకి పోతుంటాయి, అన్నింటికీ ఒకటే వల. అందుకే మా ఇంట్లో ఏ చేప వచ్చినా ముందు వంద లీటర్ల ప్లాస్టిక్ టబ్బులో విడిగా నెల రోజులు ఉండాల్సిందే. చిన్న ఎయిర్ పంపు, పాత తొట్టి ఫిల్టర్ నుంచి తీసిన స్పాంజి ముక్క (తిరిగి పాత తొట్టిలో పెట్టకూడదు), పైన దోమతెర. కొత్తవి ఎగిరి బయట పడతాయి. టబ్బుకి వల, మగ్గు కూడా వేరేవి ఉండాలి.

నెల ఎందుకంటే, వైట్ స్పాట్ క్రిమి చేప చర్మం కింద ఉన్నంతసేపు దాన్ని మందు అంటదు. రాలి, అడుగున గూడు కట్టుకుని, వందల పిల్లల్ని వదులుతుంది. ఆ పిల్లలు నీళ్లలో ఈదుతున్నప్పుడే ఉప్పు గానీ మందు గానీ పనిచేస్తుంది. 25 డిగ్రీల నీళ్లలో ఈ చక్రం వారంలోపే తిరుగుతుంది, చలికాలంలో వారాలు సాగుతుంది. కల్లుప్పు లీటరుకి 3 గ్రాములు, అంటే వంద లీటర్లకి 300 గ్రాములు, ఒకేసారి కాకుండా రెండు రోజుల్లో కరిగించి పోయండి. ఇది టబ్బులోనే. తామర ఉన్న తొట్టిలో పోస్తే మొక్కలు పోతాయి.

ఉప్పుకి లొంగనివీ ఉన్నాయి. ఒకసారి నేను తెచ్చిన షుబుంకిన్ (గోల్డ్‌ఫిష్‌లోనే ఒక రకం) టబ్బులో హుషారుగా తిరుగుతోంది, మేత తింటోంది. ఇక వదిలేద్దామనుకుంటుండగా పొద్దుటి ఎండ ఏటవాలుగా పడి, దాని డొక్క మీద పొలుసంత మచ్చ ఒకటి కనబడింది. పొలుసే అనుకునేవాణ్ణి, అది పక్కకి జరక్కపోతే. తడిగుడ్డలో చేపను పట్టుకుని చూస్తే చదునుగా, అవతలి పొలుసులు కనిపించేంత పల్చగా, రెండు నల్లటి కళ్లతో కరుచుకుని ఉంది. ఆర్గులస్, చేపపేను. కైకలూరు, భీమవరం వైపు చెరువుల రైతులకి దీని సంగతి బాగా తెలుసు. పట్టకారుతో లాగేశాను. కానీ ఇది చేపను వదిలి ఈదగలదు, గోడలకి గుడ్లు అతికిస్తుంది. టబ్బు కాబట్టి చేపను ఇంకోదాంట్లోకి మార్చి, ఆ టబ్బుని తోమి ఎండలో ఆరబెట్టాను, నెల లెక్క మళ్లీ మొదలు. అదే మీ సిమెంటు తొట్టి అయితే తామర పీకి, బురద తోడి, మొత్తం ఖాళీ చేయాల్సి వచ్చేది. రెక్క మొదట్లో ఎర్రగా కమిలి, అక్కణ్ణుంచి దారప్పోగు వేలాడుతుంటే అది యాంకర్ వర్మ్, ఇంకో తలనొప్పి.

చేప వచ్చే ప్లాస్టిక్ కవరు విషయంలో ఒక మెలిక ఉంది. షాపు దగ్గరదైతే కవరుని టబ్బులో పావుగంట తేలనిచ్చి, మూతి విప్పి, కాస్త కాస్త టబ్బు నీళ్లు కలుపుతూ వదలొచ్చు. చెన్నై కొళత్తూరు నుంచి రాత్రంతా పార్సిల్‌లో వచ్చిన చేపకి అలా చేయొద్దు. మూసిన కవరులో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ (నీళ్ల పులుపు కొలత, తగ్గితే పులుపు ఎక్కువ) తగ్గి ఉంటుంది, అందువల్ల చేప వదిలి పేరుకున్న అమ్మోనియా పెద్దగా హాని చేయదు. కవరు విప్పగానే ఆ గ్యాసు పోయి పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియా విషమవుతుంది. వేడి సమానమయ్యాక విప్పి, వెంటనే చేపను మాత్రం తీసి టబ్బులో వేయండి. ఏ కవరు నీళ్లయినా సరే, మొక్కలకి పోయండి, తొట్టిలో మాత్రం కాదు. కుళాయి నీళ్లు వాడితే యాంటీ క్లోరిన్ చుక్కలు తప్పనిసరి.

ఏ రకం తేవాలంటే, మీ పాతవాటి ఒంటి తీరు చూడండి. సన్నగా పొడుగ్గా ఉండే కామెట్, షుబుంకిన్ చురుకైనవి. గుండ్రటి ఒరాండా, బ్లాక్‌మూర్ వాటితో మేత దగ్గర పోటీ పడలేవు, చిక్కిపోతాయి. షాపులో పాచి తింటుందని సక్కర్ ఫిష్ అంటగడతారు, వద్దనండి. రాత్రిపూట గోల్డ్‌ఫిష్ ఒంటికి అతుక్కుని జిగురు పీకుతుంది. పెరిగాక ఇంట్లో ఉంచలేక కాలవల్లో వదిలినవే ఇప్పుడు జాలర్ల వలలు పాడుచేస్తున్నాయి, దెయ్యం చేప అంటున్నారు.

మే నెలలో ఈ పని పెట్టుకోకండి. 20 డిగ్రీల నీళ్లు లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకుంటే 30 డిగ్రీలకి ఏడున్నరే. నవంబరు దాటాక, సాయంత్రం పూట వదలండి. ఆ వారం మేత సగం చేయండి, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా పెరిగిన మలానికి సరిపడా పెరగాలి. కొత్తది రెండు రోజులు తామరాకుల కింద నక్కి తినకపోయినా కంగారు లేదు.

ఇంతకీ మీ తొట్టి పొడవు, వెడల్పు, లోతు రాయలేదు. రాస్తే ఇంకో రెండు పడతాయో లేదో చెప్పగలను.