బాయిలర్ దాణా మిగిలింది, గుర్రానికి పెట్టొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నర్సంపేట దగ్గర పల్లె. సొంత బాయిలర్ షెడ్డు ఉంది. బ్యాచ్ అమ్మినంక నాలుగు బస్తాల దాణా మిగిలింది. సంచి మీద సాలినోమైసిన్ 60 పీపీఎం అని రాసుంది. మా బర్రెలకు పెట్టొచ్చా? మా తమ్ముడు పెళ్లి బరాత్‌లకు తోలే గుర్రం కూడా ఇక్కడే ఉంటది. ఈ మందే పొడిగా తెచ్చి నీళ్లల్ల కలపమని దుకాణపాయన చెప్తున్నడు, నిజమేనా?
– ఒక రైతు

జవాబు: ముందు గుర్రం సంగతి చెప్తా, మిగతావి తర్వాత. ఆ బస్తాలను ఈ రోజే గుర్రానికి అందకుండా వేరే గదిలో పెట్టి తాళం వేయండి.

లెక్క చూడండి. 60 పీపీఎం అంటే కిలో దాణాలో 60 మిల్లీగ్రాముల సాలినోమైసిన్, కోళ్లకు రక్తపారుడు రాకుండా కలిపే మందు. గుర్రానికి ఒంటి బరువులో కిలోకు 0.6 మిల్లీగ్రాముల సాలినోమైసిన్ చేరినా ప్రాణం పోవచ్చు. మీ గుర్రం 300 కిలోలు ఉందనుకుంటే 180 మిల్లీగ్రాములు, అంటే మూడు కిలోల దాణా. సంచి మూతి విప్పి ఉంటే గుర్రం ఒక్కపూటలో తినేస్తుంది. ఇదే జాతి మందు మోనెన్సిన్‌ను కోడి గుర్రం కంటే వంద రెట్ల దాకా తట్టుకుంటుంది. కోళ్లు బాగానే ఉన్నాయి కదా అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు.

ఇవి అయనోఫోర్ మందులు. సోడియం, పొటాషియం అయాన్లను పట్టుకొని కణం పొరను దాటిస్తాయి. కోడి పేగులో రక్తపారుడు తెచ్చే కాక్సిడియా క్రిమిలోకి సోడియం, దాని వెంట నీరు చేరి అది ఉబ్బి పగులుతుంది. మోతాదు మించితే గుండె కండరానికీ అదే గతి. మేత మానడం, చెమటలు, వెనక కాళ్లు తడబడటం కనిపిస్తే గుర్రాన్ని నడిపించొద్దు, కదలకుండా ఉంచి డాక్టరును పిలవండి. దీనికి విరుగుడు మందు లేదు.

బర్రెలు గుర్రమంత సున్నితం కావు. అయినా పెట్టొద్దు. గింజలు ఎక్కువున్న ఆ దాణాతో కడుపు పులుస్తుంది, పైగా సాలినోమైసిన్ పాడిపశువుల కోసం చేసిన మందు కాదు. పశువులకు అయనోఫోర్లు అసలు వాడరా అంటే, కొన్ని దేశాల్లో మోనెన్సిన్ వాడతారు. పొట్టలోని కొన్ని బ్యాక్టీరియాను అణచి, పశువుకు శక్తినిచ్చే ప్రొపియోనేట్ అనే ఆమ్లాన్ని పెంచి, మీథేన్ తగ్గిస్తుంది. ఈనిన ఆవుల్లో కీటోసిస్ (ఒంట్లో శక్తి చాలక మేత, పాలు తగ్గే జబ్బు) తగ్గడానికీ అదే. అది తూచి ఇచ్చే మోతాదు, మిగిలిన బస్తా గుమ్మరించడం కాదు. మీ దాణా గడువు దాటకుండా, బూజు పట్టకుండా ఉంటే వచ్చే బ్యాచ్ కోళ్లకే వాడండి.

ఇక నీళ్ల మాట. ఆ దుకాణపాయన దీన్ని ఆంప్రోలియం అనే ఇంకో రక్తపారుడు మందు అనుకొని తికమక పడ్డట్టున్నాడు. ఆంప్రోలియం నీళ్లలో కరుగుతుంది, రక్తపు రెట్ట కనబడ్డాక ఇచ్చేది అదే. సాలినోమైసిన్ కరగదు, డ్రింకర్ అడుగున పేరుకుంటుంది. జబ్బు రాకముందే దాణాలో ఉండాల్సిన మందు ఇది.

కోళ్లకు ఊపిరాడని గురక జబ్బుకు టియామ్యులిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే మాత్రం దాణాలో ఏముందో డాక్టరుకు చెప్పి తీరాలి. రెండూ కలిస్తే కోళ్లు కాళ్లు చాపి పడిపోతాయి. టియామ్యులిన్ ఈ మందును కాలేయంలో విరగనీయదు. రెంటికీ మధ్య కనీసం వారం ఎడం ఉండాలి.

దాణా మీరే కలుపుకుంటే, 12 శాతం ప్రీమిక్స్ (వందలో 12 వంతులు సాలినోమైసిన్ ఉన్న పొడి) టన్నుకు అర కిలో. నేరుగా మిక్సర్లో పోయొద్దు. ముందు పది కిలోల మక్క పిండిలో బాగా కలిపి, ఆ తర్వాత పెద్ద మిక్సర్లో వేయండి. లేకపోతే ఒక బస్తాలో అంతా, ఇంకోదాంట్లో సున్నా. మాస్కు, చేతులకు గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకోండి. గుట్కా నములుకుంటా కలిపేవాళ్లను చూశాను, ఆ పొడి నోట్లోకి పోతే మన గుండెకూ ముప్పే. ఖాళీ ప్రీమిక్స్ సంచిని తవుడు నింపడానికి వాడొద్దు, షెడ్డు కాడి కుక్క నాకకుండా చూడండి. మిక్సర్లో తర్వాత బర్రెల దాణా ఆడించే పని ఉంటే, ముందు ఒక బస్తా ఉత్త మక్కలు ఆడించి, ఆ పిండిని కోళ్ల దాణాలోనే కలిపేయండి.