చిన్నప్పటి ఆలోచనలు బలంగుంటే జబ్బున్నట్టేనా?

నల్లగొండ తమ్ముడూ, ఆరేండ్లకే నిన్ను హాస్టల్ల ఏసిన్రని, ఇప్పుడు డిప్రెషన్‌కు మందులు వాడుతున్నవని రాసినవ్. సైకాలజిస్టు ఒక ప్రశ్నల కాగితం నింపిచ్చి, "నన్ను విడిచిపెట్టి పోతరు", "నేను దేనికీ పనికిరాను" అనే రెండు స్కీమాలు, అంటే చిన్నప్పటి నుంచి పాతుకున్న నమ్మకాలు, నీల ఎక్కువున్నయన్నరట. అవి ఉంటే రోగమున్నట్టేనా, డిప్రెషన్ వాటివల్లనే వచ్చిందా అని అడిగినవ్. మొదటిదానికి కాదనే చెప్త. రెండోదానికి కొంతవరకే అవును. నేను డాక్టర్ను కాను, ఆ కాగితం నింపి ఆ కుర్చీల కూసున్నోణ్ని.

ఈ స్కీమాల లెక్క జెఫ్రీ యంగ్ అనే అమెరికా సైకాలజిస్టుది. ఆరోన్ బెక్ అనే అమెరికా సైకియాట్రిస్టు చెప్పిన పద్ధతిల ఆలోచనలను సరిచేస్తే చాలామంది కోలుకుంటున్నా, చిన్నప్పటి నుంచి స్వభావంలనే ఇబ్బంది పాతుకున్నోళ్లకు అది సరిపోతలేదని ఆయన చూసిండు. పిల్లలకు భద్రత, ఆదరణ, మెచ్చుకోలు అందనప్పుడు వాళ్లు తమ గురించి, మంది గురించి ఒక అర్థం చెప్పుకుంటరు. పెద్దయినంక కూడా అన్నిటినీ ఆ అర్థంతోనే చూస్తరు. అసొంటివి యంగ్ 18 రకాలు చెప్పిండు. డాక్టర్లు వాడే జబ్బుల జాబితాల స్కీమా అనే జబ్బు లేదు. నన్నడిగితే, ఆ 18ల ఒక్కటి కూడా లేని మనిషి మన ఊర్లల్ల దొరకడు.

మాది మక్తల్ దిక్కు పల్లె. బోర్లు ఎండినయి, అప్పులు మిగిలినయి. మా అమ్మానాయిన గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని పుణె, ముంబై దిక్కు మట్టిపనికి పోయేటోళ్లు. మేం ముగ్గురం అమ్మమ్మ దగ్గర ఉండేటోళ్లం. పిల్లలు ఏడుస్తరని చెప్పకుండ రాత్రి బస్సుకు పోయేది. పొద్దున లేస్తే మంచం ఖాళీ. పాలమూరుల ఇది వింత కాదు, ఇంటింటి కథ.

ఒక్క ఇంట్ల, ఒక్క తీరు పెరిగిన ముగ్గురం మూడు దిక్కులైనం. నాకు విడిచిపోతరన్న భయం భయంగనే మిగిలింది. నా భార్య ఫోన్ ఎత్తకుంటే గుండె దడ, చేతులకు చెమట. ఈసీజీ తీస్తే అంతా బాగనే ఉంది, అది పానిక్, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయం అని తర్వాత తేలింది. మా తమ్ముడు ఎవ్వరికీ దగ్గర కాడు. ఎవలన్న దగ్గరైతున్నరంటే ముందే తెంపుకుంటడు, ఉద్యోగాలు కూడ అట్లనే ఇడిసిండు, సాయంత్రమైతే తాగుడు. మా అక్క అందర్నీ తన చేతులల్ల పెట్టుకుంటది. అడగకముందే అన్ని చేస్తది, కొడుకు పది నిమిషాలు ఆలస్యమైతే ఊరంతా ఫోన్లు. యంగ్ లెక్కల స్కీమాను తట్టుకునేటందుకు లొంగిపోవుడు, తప్పించుకొని తిరుగుడు, ఎదురు దిక్కుకు గట్టిగ గుంజుడు అని మూడు తీర్లున్నయి. మా ఇంట్ల మూడూ ఉన్నయి. జబ్బు అని పేరు పడ్డది మాత్రం నాకొక్కనికే.

అందుకే ఈ స్కీమాకు ఈ జబ్బు అని జోడీ కట్టరాదు. పనికిరానన్న నమ్మకం డిప్రెషన్ ఉన్నోళ్లల్ల, ఏదో ముప్పు ముంచుకొస్తదన్న నమ్మకం పానిక్, ఆందోళన ఉన్నోళ్లల్ల ఎక్కువ కనవడతదని పరిశోధనలు చెప్తయి. విడిచిపోతరన్న భయం బార్డర్‌లైన్ పర్సనాలిటీ, అంటే మనసు, సంబంధాలు నిలకడగ ఉండని జబ్బు, ఉన్నోళ్లల్ల బలంగుంటది. కానీ ఒకే స్కీమా నాలుగు జబ్బులల్ల కనవడ్తది, ఏ జబ్బూ లేనోళ్లల్ల కూడ కనవడ్తది.

మరి జబ్బెట్ల వస్తది? విత్తనం భూమిల ఉన్నా పదును లేంది మొలవదు గదా, బెక్ 1960లల్లనే దాదాపు ఇదే మాట చెప్పిండు. స్కీమా ఏండ్లకేండ్లు సప్పుడు లేకుండ పండుకోని ఉంటది. పరీక్ష తప్పుడు, పెండ్లి చెడుడు, కొలువు పోవుడు, చావు, ఇసొంటిదేదన్న పాత దెబ్బ మీదనే తగిలితే లేస్తది. నీకెప్పుడు లేసిందో నువ్వే ఎతుకు. పుట్టుక నుంచి వచ్చే గుణం, నిద్ర, తాగుడు, థైరాయిడ్ లాంటి ఒంటి జబ్బులు, చేతుల పైసల్లేకపోవుడు, ఇవన్నీ కలుస్తయి.

ఆ కాగితం మార్కుల గురించి ఇంకొక మాట. పొట్టి రకంల 90 వాక్యాలుంటయి, ఒక్కోదానికి ఒకటి నుంచి ఆరు దాక మార్కు. డిప్రెషన్ల ఉన్న మనిషికి అన్నీ నల్లగనే కనవడ్తయి, మార్కులు కూడ పెరుగుతయి. స్కీమా వల్ల డిప్రెషనా, డిప్రెషన్ వల్ల ఆ మార్కులా అనేది ఒక్క కాగితంతోని తేలదు. మందులు పట్టి నిద్ర కుదిరినంక మళ్ల నింపిస్తరా అని అడుగు. ఫోన్ల ఉచితంగ దొరికే క్విజ్‌లు చూసి నీకు నువ్వే పేరు పెట్టుకోకు.

నాకు ముందు మందులతోని దడ తగ్గింది, తర్వాత హైదరాబాద్‌ల థెరపీ. కండ్లు మూసుకొని ఆ ఖాళీ మంచం కాడికి మళ్లీ పొమ్మనేది మేడం. ఈసారి పెద్దోణ్నై ఆ పిలగాని పక్కన కూసోని ఏం చెప్తవో చెప్పు అనేది. మొదట్ల సిగ్గయింది, నాటకమాడినట్టు. కానీ నన్ను కదిలిచ్చింది అదే. నెదర్లాండ్స్‌ల బార్డర్‌లైన్ ఉన్న 86 మందికి మూడేండ్లు ఇచ్చిన చికిత్సల ఫలితాలు 2006ల వచ్చినయి, ఇంకో చికిత్స కన్నా యంగ్ పద్ధతైన స్కీమా థెరపీతోనే ఎక్కువమంది కోలుకున్నరు. అంటే మారతదన్నట్టే, కాకపోతే టైం పడ్తది. నాకు భయం పూర్తిగ పోలే. ఫోన్ ఎత్తకుంటే ఇప్పుడు గంట ఆగగలుగుత.

అమ్మానాయినలను నిలదియ్యాల్నా అని కూడ రాసినవ్. నేను నిలదియ్యలే. అడ్వాన్సు తీర్చకుంటే మేస్త్రీ ఇంటిమీదికొచ్చే రోజులల్ల వాళ్లకు ఇంకో తొవ్వ లేకుండె. నీ హాస్టల్ వెనుక ఏమున్నదో నాకు తెల్వదు. కొట్టుడు, అంతకన్న పెద్ద అన్యాయం ఏదన్న జరిగుంటే లెక్క వేరే, అది ముందు సైకాలజిస్టుకు చెప్పు.

మందులు నీ అంతట నువ్వు బంద్ చెయ్యకు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే స్కీమాల ముచ్చట పక్కన పెట్టి సర్కారు హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యి, పైసలు పడవు, తెలుగుల మాట్లాడ్తరు. ఈసారి పోయినప్పుడు సైకాలజిస్టును ఇదొక్కటి అడుగు: ఆ రెండు స్కీమాలల్ల దేనితోని మొదలుపెడుతున్నరు, ఎందుకని.