పాపకు నానమ్మ కథల డబ్బా: ఏ ఆర్ఎఫ్ఐడీ రీడర్ కొనాలి?

ప్రశ్న: అన్నయ్యా, నమస్తే. కిందటేడు హెచ్-1బీ వీసా మీద టెక్సస్‌లోని ఇర్వింగ్ వచ్చాం. పాపకు నాలుగేళ్లు. తెనాలిలో ఉన్న మా అమ్మ రోజూ వాట్సాప్‌లో ఒక కథ చెప్పి పంపిస్తుంది. ఫోన్ చేతికిస్తే పాప కథ వదిలేసి వీడియోల్లో పడిపోతోంది. అందుకని రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో ఒక డబ్బా చేద్దామనుకుంటున్నాను. కార్డు పెడితే ఆ కథ వినిపించాలి, అంతే. కార్డును రేడియో తరంగాలతో చదివే ఆర్ఎఫ్ఐడీ రీడర్ల కోసం వెతికితే ఐదు డాలర్ల నుంచి వందల డాలర్ల దాకా కనిపిస్తున్నాయి. ఏది కొంటే డబ్బు దండగ కాకుండా ఉంటుంది? ఇండియా నుంచి ఎవరైనా వస్తుంటే తెప్పించుకోమంటారా?

జవాబు: తమ్ముడూ, చాలా మంచి పని తలపెట్టావు. ఇక్కడ పెరిగే పిల్లల చెవిన తెలుగు పడేది ఎక్కువగా మన ఇళ్లలోనే. అది నానమ్మ గొంతులో పడితే అంతకన్నా ఏం కావాలి? అందుకే ఆ డబ్బా సగంలో ఆగి అల్మారా ఎక్కకుండా, పూర్తయి పాప చేతికి చేరే దారి చెబుతాను.

రీడర్ల ధరలు చూడటం కాసేపు ఆపు. పాప చేతిలో ఏ కార్డు ఉండాలో ముందు తేల్చుకో. ఈ కార్డుల్లో మూడు జాతులున్నాయి. ఒక జాతి రీడర్‌కు ఇంకో జాతి కార్డు అసలు కనిపించదు. మొదటిది 125 కిలోహెర్ట్జ్. మన దగ్గర కాలేజీల్లో, ఆఫీసుల్లో హాజరు కోసం ఇచ్చే తెల్లకార్డులు చాలాచోట్ల ఇవే. ఈ మామూలు రకంలో ఫ్యాక్టరీలో వేసిన నంబరు తప్ప ఇంకేమీ ఉండదు, మనం ఏదీ రాయలేం. రెండోది 13.56 మెగాహెర్ట్జ్. మైఫేర్ అనే బ్రాండు కార్డులు, ఫోన్ ఆనిస్తే చదివే ఎన్ఎఫ్‌సీ స్టిక్కర్లు ఈ కోవలోవి. మూడోది యూహెచ్ఎఫ్ (అల్ట్రా హై ఫ్రీక్వెన్సీ). ఇండియాలో కారు అద్దానికి అంటించే ఫాస్టాగ్ ఆ జాతిదే. నువ్వు చూసిన వందల డాలర్ల రీడర్లు ఈ మూడోవి అయ్యుంటాయి. అవి మీటర్ల దూరం నుంచి, ఒకేసారి ఎన్నో ట్యాగులు చదివేస్తాయి. డబ్బా పక్కన పది కథల కార్డులు పడి ఉంటే నీకు అదే తలనొప్పి. పైగా అవి ఇండియాలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మీద, అమెరికాలో 902 నుంచి 928 మీద నడుస్తాయి. అక్కడి రీడర్ తెచ్చి ఇక్కడ వాడటం చట్టానికి విరుద్ధం. ఆ వైపు చూడకు.

మిగిలినవి రెండు. కథ కార్డులో ఉండదు, రాస్ప్‌బెర్రీ పైలో ఉంటుంది. కార్డు ఇవ్వాల్సింది ఒక్క నంబరే. ఆ నంబరుకు ఏ ఫైలు ప్లే చేయాలో దానికి నువ్వు చెబుతావు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే కార్డులో రాసే సదుపాయం కోసం, ఎక్కువ మెమరీ కోసం డబ్బు పెట్టక్కర్లేదని నీకే తెలుస్తుంది.

ఇక నా సలహా సూటిగా చెప్పేస్తాను: 125 కిలోహెర్ట్జ్ యూఎస్‌బీ రీడర్ కొను. పది నుంచి ఇరవై డాలర్లలో దొరుకుతుంది. అన్నిటికన్నా చవకైనది ఇది కాదు. కానీ దేశానికి కొత్తగా వచ్చి, ఇంట్లో సోల్డరింగ్ ఐరన్ (లోహం కరిగించి వైర్లు అతికించే పనిముట్టు) కూడా లేని నీకు చివరికి తక్కువ ఖర్చయ్యేది ఇదే. రాస్ప్‌బెర్రీ పై దీన్ని కీబోర్డు అనుకుంటుంది. కార్డు పెట్టగానే పది అంకెలు టైప్ చేసి ఎంటర్ నొక్కుతుంది. డ్రైవర్ అక్కర్లేదు, వైర్లు కలపక్కర్లేదు. కొన్న రోజే లాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్ తెరిచి, కార్డు పెట్టి చూడు. అంకెలు వచ్చాయంటే రీడర్ బాగున్నట్టే, రాకపోతే వెంటనే వాపసు ఇచ్చెయ్.

ఆ కార్డు మీద అంకెలు అచ్చువేసి ఉంటాయి, గమనించు. ఉదాహరణకు 0012345678 అని, దాని పక్కన 188,24910 అని. రెండూ ఒకటే నంబరు. 188ని 65536తో గుణించి 24910 కలిపితే 12345678 వస్తుంది. చాలా యూఎస్‌బీ రీడర్లు టైప్ చేసేది మొదటి రూపాన్ని. అంటే ఏ కార్డు ఏ కథో రాసుకోవడానికి ఒక్కో కార్డు పెట్టి చూసుకునే పని కూడా లేదు, అచ్చులో ఉన్నది చూసి పట్టిక రాసుకోవచ్చు. కాకపోతే కొన్ని రీడర్లు వేరే రూపంలో ఇస్తాయి కాబట్టి ఒకటి రెండు కార్డులతో సరిచూసుకో.

ప్రోగ్రాం రాసేటప్పుడు ఒక జాగ్రత్త. రాస్ప్‌బెర్రీ పైని మానిటర్ లేకుండా నడిపిస్తావు కాబట్టి ఆ అంకెలు నీ ప్రోగ్రాంలోకి కాక లాగిన్ తెరలోకి పోతాయి. పైథాన్‌లో ఈవ్‌డెవ్ అనే లైబ్రరీతో ఆ రీడర్‌ను నీ ప్రోగ్రాం ఒక్కటే పట్టుకునేలా చెయ్. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఓపస్ ఫైళ్లు. ఎంపీవీ ప్లేయర్ వాటిని ఉన్నవాటిని ఉన్నట్టే ప్లే చేస్తుంది, ఎంపీ3గా మార్చే శ్రమ వద్దు.

అందరూ చెప్పే ఐదు డాలర్ల నీలం బోర్డు సంగతికి వస్తాను. దాని పేరు ఆర్‌సీ522. చిప్‌లు చేసే ఎన్‌ఎక్స్‌పీ కంపెనీ వాళ్ల ఎంఎఫ్ఆర్‌సీ522 చిప్ మీద కట్టింది, 13.56 మెగాహెర్ట్జ్. బోర్డుతో పాటు ఒక తెల్లకార్డు, ఒక నీలం తాళంచెవి బిళ్ల, రెండు వరుసల పిన్నులు విడిగా వస్తాయి. ఆ పిన్నులు బోర్డుకు సోల్డర్ చేయాల్సింది నువ్వే. సోల్డర్ చేయకుండా రంధ్రాల్లో దూర్చి వదిలేస్తే ఒకసారి చదువుతుంది, ఇంకోసారి చదవదు. ఇలా విసిగిపోయి పక్కన పడేసినవాళ్లను చాలామందిని చూశాను. వైరింగ్ కష్టం కాదు. బోర్డు మీద అచ్చువేసిన పేర్లు చూసుకుని కలపాలి: రాస్ప్‌బెర్రీ పై మీద 1వ పిన్ను 3.3 వోల్టులకు, 6 గ్రౌండ్‌కు, 19 ఎంఓఎస్ఐకి, 21 ఎంఐఎస్ఓకి, 23 క్లాక్‌కు, 24 బోర్డు మీద ఎస్‌డీఏ అని రాసిన దానికి, 22 రీసెట్‌కు. 5 వోల్టులు మాత్రం ఇవ్వకు, చిప్ పోతుంది. రాస్ప్‌బెర్రీ పై సెట్టింగుల ప్రోగ్రాం రాస్పి-కాన్ఫిగ్‌లో ఎస్పీఐ (ఈ బోర్డుతో మాట్లాడే పద్ధతి) ఆన్ చెయ్. తర్వాత చిప్ వెర్షన్ అడిగితే హెక్స్‌లో 91 గానీ 92 గానీ రావాలి. 88 వస్తే నకలు చిప్, అయినా పనిచేస్తుంది. 00 లేదా ఎఫ్ఎఫ్ వస్తే తప్పు చాలావరకు వైర్లలోనే ఉంటుంది. వీటిలో చేయి తిరగాలన్న ఉత్సాహం నీకుంటే ఇది తీసుకో, నేర్చుకోవడానికి మంచి బోర్డు. సోల్డరింగ్ ఐరన్ కొనక్కర్లేదు. చాలా ఊళ్ల పబ్లిక్ లైబ్రరీల్లో మేకర్‌స్పేస్ (పనిముట్లు వాడుకోనిచ్చే వర్క్‌షాప్) ఉంటుంది, లైబ్రరీ కార్డు ఉంటే చాలు. మీ ఇర్వింగ్ పక్కనే క్యారల్‌టన్‌లో డాలస్ మేకర్‌స్పేస్ ఉంది, అది నెలవారీ చందా పద్ధతి.

పీఎన్532 అనే ఇంకో 13.56 మెగాహెర్ట్జ్ రీడర్ ఇంకాస్త ఖరీదు, ఇంకాస్త శక్తి. ఫోన్లతోనూ మాట్లాడగలదు. నీ డబ్బాకు అక్కర్లేదు. ఆర్‌డీఎం6300 అనే చిన్న 125 కిలోహెర్ట్జ్ బోర్డు చవకే, కానీ అది 5 వోల్టులది. రాస్ప్‌బెర్రీ పై పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోవు. మధ్యలో రెసిస్టర్లతో వోల్టేజి తగ్గించడం తెలియకపోతే జోలికి పోకు.

రీడర్ ఎంపిక రాస్ప్‌బెర్రీ పై మోడల్ ఎంపికనూ మారుస్తుంది, ఇది చాలామంది చూసుకోరు. రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న మోడల్ 15 డాలర్లే కదా అని తీసుకుంటే దానికి ఆడియో జాక్ లేదు, రీడర్ తగిలించుకోవడానికి ఉన్నది ఒక్క మైక్రో యూఎస్‌బీ. అడాప్టర్, హబ్, యూఎస్‌బీ స్పీకర్ అంటూ మిగిలిన డబ్బంతా అటే పోతుంది. పై 5కీ ఆడియో జాక్ తీసేశారు. పైగా పాత ట్యుటోరియల్స్‌లో వాడే ఆర్‌పీఐ-జీపీఐఓ లైబ్రరీ దాని మీద నడవదు, ఆర్‌పీఐ-ఎల్‌జీపీఐఓ వేసుకోవాలి. నీకు సరిపోయేది పై 3బీ ప్లస్ లేదా పై 4. జాక్ ఉంది, యూఎస్‌బీలు నాలుగున్నాయి. ఆఫీసులో అడిగి చూడు, ఎవరి డెస్కు సొరుగులోనో వాడకుండా పడి ఉంటుంది.

ఇండియా నుంచి తెప్పించుకోవడం గురించి. కోఠి గుజరాతీ గల్లీలో ఆర్‌సీ522 నూట యాభై రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. ఎవరైనా ఎలాగూ వస్తుంటే, సూట్‌కేసులో చోటుంటే సరే. మొదటి రెండు జాతుల రీడర్లకు దేశాల తేడా లేదు. కానీ దానికోసమే ఒకరిని బజారుకు పంపొద్దు. పాడైన ముక్క వస్తే వాపసు ఇచ్చే దారి ఉండదు. చైనా సైట్ల నుంచి నేరుగా తెప్పించుకోవడం కూడా ఇదివరకటంత లాభం కాదు. 800 డాలర్లలోపు పార్సెళ్లకు ఉన్న సుంకం మినహాయింపును 2025 మేలో చైనాకు, ఆగస్టులో మిగతా దేశాలకూ ఎత్తేశారు. మీకు డాలస్‌లో మైక్రో సెంటర్ అనే ఎలక్ట్రానిక్స్ దుకాణం ఉంది కదా, రాస్ప్‌బెర్రీ పై బోర్డు అక్కడ చూసుకో.

డబ్బా దేనితో చేస్తావో కానీ ఇనుము, స్టీలు వద్దు. వంటింటి స్టీలు డబ్బాల మూతల మీద స్టిక్కర్లు అంటించి పప్పులు, పొడులు లెక్క పెట్టాలని చూసేవాళ్లకూ ఇదే సమాధానం. లోహం మీద మామూలు స్టిక్కరు చదవదు, వెనక ఫెర్రైట్ పొర ఉన్న ఆంటీ-మెటల్ ట్యాగులు వేరే కొనాలి. నీకైతే మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్ మూత చాలు. ఈ రీడర్లు చదివేది కొద్ది సెంటీమీటర్లే. స్పీకర్ వెనక అయస్కాంతం ఉంటుంది కాబట్టి దాన్ని రీడర్‌కు దూరంగా పెట్టు.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. చేతిలో రీడర్ ఉందని నీ ఆఫీసు బ్యాడ్జిని, అపార్ట్‌మెంట్ గేటు ఫాబ్‌ను నకలు తీసే ప్రయత్నం చేయకు. నకలు తీయడం కొన్ని కార్డుల్లో చాలా తేలిక. మైఫేర్ క్లాసిక్ తాళాన్ని 2008లోనే నెదర్లాండ్స్‌లోని నైమేగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఛేదించారు. తేలిక కాబట్టే కంపెనీలు దీన్ని చాలా తీవ్రంగా తీసుకుంటాయి. ఉద్యోగం మీదే మన వీసా ఆధారపడి ఉంది. అదే కారణంగా ఈ చవక కార్డులను ఇంటి తలుపు తాళానికీ వాడకు.

డబ్బా చూసిన స్నేహితులు మాకూ ఒకటి చేసిపెట్టమంటారు. సంతోషంగా చేసివ్వు, అమ్మకానికి మాత్రం పెట్టకు. హెచ్-1బీ మీద మనం మన యజమాని దగ్గర తప్ప వేరే పని చేసి సంపాదించకూడదు.

రీడర్ ఆర్డర్ చేసేటప్పుడే అదనంగా ఇరవై కార్డులు కూడా తీసుకో. పేజీలో 125 కిలోహెర్ట్జ్, ఈఎం4100 లేదా టీకే4100 (కార్డులోని చిప్ పేర్లు) అని రాసి ఉందో లేదో చూడు. 13.56 అని ఉంటే బయటికి అచ్చం అలాగే ఉన్నా నీ రీడర్‌కు పనికిరావు. ఒక్కో కార్డు మీద ఆ కథ బొమ్మ పాపచేతే గీయించి, పైన పారదర్శకమైన టేపు వేసెయ్. ఇంకా సందేహాలుంటే రాస్ప్‌బెర్రీ పై ఏ మోడల్ దొరికిందో చెప్పి అడుగు, దానికి తగ్గట్టు చెబుతాను.