మధ్యవర్తి ముందు ఏ ముడి విప్పాలి?

ప్రశ్న: ఎన్నికల్లో గెలిచింది నేనంటే నేనని ఇద్దరు నేతలూ పట్టుబడితే మధ్యవర్తి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? 2008లో కెన్యాలో ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ ఏం చేశారు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: 'ఎవరు గెలిచారు?' దగ్గర మాత్రం మొదలుపెట్టకూడదు. 2007 డిసెంబరు 27 ఎన్నికల తర్వాత అప్పటికే అధ్యక్షుడిగా ఉన్న మ్వై కిబాకీ మళ్ళీ ప్రమాణం చేసేశారు, ప్రత్యర్థి రైలా ఒడింగా ఒప్పుకోలేదు. అల్లర్లలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. మధ్యవర్తిత్వం ఒక్కటే ఉండాలని అన్నన్ ముందే పట్టుబట్టారు. రెండు గుమ్మాలుంటే ఒకచోట కుదరనిది ఇంకోచోట అడుగుతారు కదా! జనవరి 24న నేతలిద్దరితో జనం ఎదుట చేతులు కలిపించి, తర్వాత వాళ్ళ ప్రతినిధులతో నైరోబీ సెరెనా హోటల్లో కూర్చున్నారు. చర్చాంశాలు నాలుగు: హింస ఆపడం, బాధితులకు సాయం, రాజకీయ సంక్షోభం, ఆఖర్న భూమి, రాజ్యాంగం లాంటి పాత పుండ్లు. మొదటి రెండూ ఎవరూ కాదనలేనివి.

కిబాకీ అధ్యక్షుడిగా, ఒడింగా ప్రధానిగా అధికారం పంచుకోవాలన్నది ఆలోచన. అసలు పీటముడి ఆ ప్రధాని పదవే. 2002 ఎన్నికల ముందు కిబాకీతో ఒడింగా వర్గానికి కుదిరిన అవగాహన పత్రంలోనూ ఆ పదవి మాట ఉంది. గెలిచాక అది కాగితం మీదే ఉండిపోయింది. అందుకే ఈసారి రాజ్యాంగ సవరణే కావాలన్నది ఒడింగా వర్గం. ప్రధానికి 'కార్యనిర్వాహక' అన్న విశేషణం కిబాకీ వర్గానికి గిట్టదు. చివరికి దాన్ని వదిలేసి, ప్రభుత్వ పనుల 'సమన్వయం, పర్యవేక్షణ' ఆయనవేనని రాశారు. అధ్యక్షుడు తీసేయకుండా, పార్లమెంటు అవిశ్వాసంతోనే ప్రధాని దిగాలని ఇంకో తాళం వేశారు.

ప్రతినిధులు ఎంతకీ తేల్చకపోయేసరికి ఫిబ్రవరి 26న అన్నన్ చర్చలు ఆపేశారు. 28న నేరుగా నేతలిద్దరినీ కూర్చోబెట్టారు. పక్కన టాంజానియా అధ్యక్షుడు కిక్వెటే ఉండడం కలిసొచ్చింది: ఆ దేశంలో అధ్యక్షుడూ, ప్రధానీ ఇద్దరూ ఉన్నారు మరి. సంతకాలు అదేరోజు పడ్డాయి.

ప్రశ్న: మరి ఇరువర్గాల ఉమ్మడి మంత్రివర్గానికి నెలన్నర ఎందుకు పట్టింది?

జవాబు: శాఖల్లో సమతూకం ఉండాలని రాశారుగానీ, ఏ శాఖ ఎవరికో రాయలేదు. లోపమే. అయితే ఆ పంపకానికే కూర్చుంటే 28న సంతకాలు పడేవి కావు. ఏప్రిల్ 17న ప్రమాణం చేసిన మంత్రివర్గం 40 మందితో తయారైంది. ఉన్న కుర్చీలు చాలక, కుర్చీలే పెంచారు.