మేజరైన పిల్లల చదువు ఖర్చు తండ్రి భరించాలా?

ప్రశ్న: మేము 2019లో పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్నాము. పిల్లలకు మైనారిటీ తీరేవరకు నెలనెలా డబ్బు ఇస్తానని వారి తండ్రి ఒప్పుకున్నారు. ఇప్పుడు అమ్మాయి బీటెక్ మూడో సంవత్సరం చదువుతోంది, అబ్బాయి డిగ్రీలో చేరాడు. ఇద్దరికీ 18 ఏళ్లు నిండాయని ఆయన డబ్బు ఆపేశారు. నా చిన్న ఉద్యోగంతో ఫీజులు కట్టలేకపోతున్నాను. ఏం చేయాలి?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: మీది హిందూ వివాహ చట్టం కింద జరిగిన విడాకులనుకొని చెబుతున్నాను. అమ్మాయి విషయంలో ఆయన వాదన నిలవదు. హిందూ దత్తత, పోషణ చట్టం (1956) 20వ సెక్షన్ ప్రకారం, సొంత సంపాదన గానీ ఆస్తి గానీ లేక తనను తాను పోషించుకోలేని అవివాహిత కుమార్తెను, ఆమె మేజరైనా సరే, తల్లిదండ్రులు పోషించాలి. ఆ చట్టంలో పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యంతో పాటు చదువు కూడా. ఈ హక్కు అమ్మాయిది కనుక, మీరిద్దరూ చేసుకున్న ఒప్పందం దాన్ని రద్దు చేయలేదు. పిటిషన్ ఆమె పేరుతోనే కుటుంబ న్యాయస్థానంలో వేయించండి. చాలామంది అలవాటుకొద్దీ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ (2024 జూలై నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్) కింద వేసి కాలం పోగొట్టుకుంటారు. వైకల్యం వల్ల తమను తాము పోషించుకోలేనివారికి తప్ప, మేజరైన పిల్లలకు ఆ సెక్షన్ వర్తించదని 2020లో అభిలాష కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అబ్బాయి విషయం అంత తేలిక కాదు, ఎందుకంటే చట్టంలోని మాటలు మైనర్ కుమారుడి దగ్గరే ఆగిపోతాయి. అయినా 2021లో సుప్రీంకోర్టు ఒక కేసులో, కుమారుడికి 18 ఏళ్లు నిండడంతో సరిపెట్టకుండా మొదటి డిగ్రీ పూర్తయ్యేవరకు తండ్రి డబ్బు ఇవ్వాలన్నది. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు కూడా మేజరైన కుమారుడి భారమంతా తల్లి మీదే వదిలేయడం తగదన్నది. వీటి ఆధారంగా అడగవచ్చు గానీ, తప్పక వస్తుందని నేను మాట ఇవ్వలేను.

మీ ఆదాయమూ లెక్కలోకి వస్తుంది. సుప్రీంకోర్టు రజ్నేష్ వర్సెస్ నేహా తీర్పు (2020) తర్వాత, ఇరుపక్షాలూ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ దాఖలు చేయాలి. తల్లికి తగినంత సంపాదన ఉంటే చదువు ఖర్చును ఇద్దరికీ దామాషాలో పంచవచ్చు. యాజమాన్య కోటాలో కట్టిన ఫీజైతే ఆయన తన స్తోమతకు మించినదని అభ్యంతరం చెప్పవచ్చు, అందువల్ల ఫీజు రసీదులతో పాటు ఆయన జీతం, ఆస్తుల గురించి మీకు తెలిసిన ఆధారాలన్నీ న్యాయవాదికి ముందే అందించండి.