గెలాక్సీ గుచ్ఛాల పరిశోధన, ఎక్స్‌రే టెలిస్కోపుల అద్దాలు: ఇంటర్ ఎంపీసీ తర్వాత దారి ఏది?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా టంగుటూరు దగ్గర పల్లె. పొగాకు, శనగ సాగు చేస్తాం. మా అమ్మాయి ఒంగోలులో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. గెలాక్సీల గుంపుల మీద పరిశోధన చేస్తానని, వాటిని చూసే ఎక్స్‌రే టెలిస్కోపుల అద్దాలు తయారుచేయడం నేర్చుకుంటానని అంటోంది. బంధువులంతా సీఎస్ఈలో చేర్పించమంటున్నారు. ఈ చదువుకు ఉద్యోగం ఉంటుందా? శ్రీహరికోటలో వస్తుందా? ముందు బీటెక్ చేసి తర్వాత అటు వెళ్లవచ్చా? సంపాదన మొదలయ్యేసరికి ఎన్నేళ్లు పడుతుంది? - ఒక తండ్రి

సమాధానం: మీ అమ్మాయి ఒక్క మాటలో చెప్పిన కోరికలో రెండు వేర్వేరు వృత్తులు ఉన్నాయి. గెలాక్సీ గుచ్ఛాలను పరిశోధించేవారికి భౌతికశాస్త్రం, గణాంకాలు, కంప్యూటర్ ప్రోగ్రామింగ్ ప్రధానమైన పనిముట్లు. టెలిస్కోపు అద్దాలు తయారుచేసేవారి రోజులు కాంతిశాస్త్రం, లోహపు పూతలు, అతి సూక్ష్మమైన కొలతల మధ్య గడుస్తాయి. రెండింటిలోనూ చేయి తిరిగినవారు ఉన్నారు గాని, తక్కువ. ఈ రెండింటిలో ఏది తనదో అమ్మాయి ఇప్పుడే తేల్చుకోనక్కరలేదు. ఆ రెండు దారులూ మరో మూడేళ్లపాటు తెరిచి ఉండే చదువును మాత్రం ఇప్పుడే ఎంచుకోవాలి.

ముందుగా ఆ పని ఏమిటో మీకు తెలియడం మంచిది. అది తెలియకుండా బంధువులకు జవాబు చెప్పడం ఏ తండ్రికైనా కష్టమే. వందల నుంచి వేల గెలాక్సీలు గురుత్వాకర్షణ వల్ల ఒకచోట కట్టుబడి ఉంటే దానిని గెలాక్సీ గుచ్ఛం అంటారు. ఆ గెలాక్సీల నడుమ ఖాళీగా కనిపించే చోటంతా కోటి నుంచి పది కోట్ల డిగ్రీల వేడిలో ఉన్న పలుచని వాయువు నిండి ఉంటుంది. గుచ్ఛంలోని నక్షత్రాలన్నింటినీ కలిపి తూచినా ఆ వాయువే వాటికంటే కొన్ని రెట్లు బరువు. అంత వేడిలో ఉన్న వాయువు ప్రధానంగా ఎక్స్ కిరణాలను వెలువరిస్తుంది. ఆ కిరణాల ద్వారా వాయువు ఉష్ణోగ్రతను, సాంద్రతను కొలిస్తే, అది చెదిరిపోకుండా పట్టి ఉంచడానికి ఎంత గురుత్వాకర్షణ కావాలో లెక్క తేలుతుంది. ఆ లెక్క ప్రకారం గుచ్ఛం ద్రవ్యరాశిలో సుమారు 85 శాతం ఏ కిరణాలకూ కనిపించని కృష్ణపదార్థం. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ కోమా గుచ్ఛంలోని గెలాక్సీల వేగాలను బట్టి, కనిపించే పదార్థం ఒక్కటే వాటిని పట్టి ఉంచడానికి చాలదని లేవనెత్తిన సందేహాన్ని ఎక్స్ కిరణాలు ఇలా మరో వైపు నుంచి బలపరిచాయి. ఇదంతా విదేశాలలోనే జరిగే పని అనుకోకండి. సుమారు 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న అనేక గుచ్ఛాల కూటమిని పుణెలోని ఐయూకా (ఖగోళశాస్త్ర పరిశోధన కేంద్రం), ఐసర్ (కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు గుర్తించి, 2017లో దానికి సరస్వతి అని పేరు పెట్టారు. అందుకు వారు వాడినది ఎవరికైనా ఉచితంగా దొరికే ఆకాశ సర్వే సమాచారమే.

ఇక అద్దాల సంగతి. ఎక్స్ కిరణాలు భూమి వాతావరణాన్ని దాటి కిందికి రావు కనుక టెలిస్కోపును అంతరిక్షంలోకి పంపాలి. అంతటితో చిక్కు తీరదు. మామూలు అద్దానికి ఎదురుగా తగిలిన ఎక్స్ కిరణం వెనక్కి రాకుండా అందులోనే ఇంకిపోతుంది. ఉపరితలాన్ని రాసుకుంటూ పోతున్నట్టుగా, ఒక డిగ్రీ లేదా అంతకంటే తక్కువ కోణంలో వస్తేనే పరావర్తనం చెందుతుంది. పరావలయం, అతిపరావలయం ఆకారాలున్న అద్దాలను ఒకదాని వెనుక ఒకటి అమర్చి ఈ కిరణాలను ఒక బిందువు దగ్గరికి చేర్చవచ్చని 1952లో హాన్స్ వోల్టర్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూపాడు. ఇంటర్ గణితంలో పిల్లలు విసుక్కుంటూ సాధించే శాంకవాలు అవే. అద్దాలు పళ్లెంలా కాకుండా గొట్టాల్లా ఉంటాయి. ఒక్క గొట్టం పట్టుకునే కిరణాలు చాలా తక్కువ కాబట్టి, అడుగు తీసేసిన స్టీలు డబ్బాలను ఒకదానిలో ఒకటి దూర్చినట్టు అనేక గొట్టాలను అమరుస్తారు. 1999లో ప్రయోగించిన నాసా వారి చంద్ర ఎక్స్‌రే టెలిస్కోపులో ఇరిడియం పూత పూసిన, మందమైన గాజు అద్దాలు నాలుగు జతలు ఉన్నాయి. అవి బరువైనవే గాని, వాటి చిత్రాలంత స్పష్టమైనవి మరే ఎక్స్‌రే టెలిస్కోపూ ఇవ్వలేదు. మన ఖగోళ పరిశోధన ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లోని ఎక్స్‌రే టెలిస్కోపుకు ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) వారు పలుచని అల్యూమినియం రేకులపై బంగారు పొర ఎక్కించిన అద్దాలు వాడారు. అవి తేలిక, చవక, చోటు కలిసివస్తుంది, కాని చిత్రం అంత నిశితంగా రాదు. తేలికగా ఉంటూనే చంద్ర అంత నిశితంగా చూపే అద్దాన్ని చేయడం ఎలా అన్నదే ఈ రంగంలో ఇప్పుడు నడుస్తున్న పెద్ద ప్రశ్న. అది తీరితే దూరంగా ఉన్న, ఇంకా రూపు కట్టుకుంటున్న గుచ్ఛాల లోపలి నిర్మాణం కూడా కనిపిస్తుంది. మీ అమ్మాయి రెండింటినీ కలిపి అడగడంలో అర్థం ఉన్నదని నేను అనుకోవడానికి కారణం ఇదే.

ఆమె ఆసక్తి ఎంత లోతుగా ఉందో తెలుసుకోవడానికి నేనిచ్చే పని ఒకటుంది. లోహం లోపల ఎక్స్ కిరణాలకు వక్రీభవన గుణకం ఒకటి కంటే అతి స్వల్పంగా తక్కువ. తాను చదివిన స్నెల్ నియమాన్ని, సంపూర్ణాంతర పరావర్తనాన్ని ఉపయోగించి, ఏటవాలు కోణంలోనే పరావర్తనం ఎందుకు జరుగుతుందో ఆమెను కాగితం మీద నిరూపించమనండి. రెండు రోజులు పట్టినా ఫరవాలేదు. ఆ లెక్కతో కుస్తీ పట్టడం ఆమెకు ఇష్టంగా ఉందా, భారంగా ఉందా అన్నది చూడండి. అంతరిక్షం ఫోటోలు అందరికీ నచ్చుతాయి, ఈ వృత్తిలో రోజూ చేసేది మాత్రం ఇలాంటి లెక్కలే.

శ్రీహరికోట విషయం సూటిగా చెబుతాను. ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబర్ 28న, ఎక్స్ కిరణాలను పరిశీలించే మరో ఉపగ్రహం ఎక్స్‌పోశాట్ 2024 జనవరి 1న అక్కడి నుంచే నింగికి వెళ్లాయి. కాని అది రాకెట్లను సిద్ధంచేసి ప్రయోగించే కేంద్రం. ఉపగ్రహాలు, వాటిలోని పరికరాలు తయారయ్యేది, పరిశోధన జరిగేది ప్రధానంగా బెంగళూరు, ముంబయి, పుణె, అహ్మదాబాద్ వంటి నగరాలలో. ఇంటికి దగ్గరగా ఉంటుందనే ఆశతో ఈ చదువును ఒప్పుకోవద్దు.

చదువుల్లో నేను మొదట చెప్పేది ఐసర్‌లోని ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ (డిగ్రీ, పీజీ కలిసిన చదువు). తిరుపతి ఐసర్ ఏర్పేడు దగ్గర ఉంది. మొదట అన్ని శాస్త్రాలూ చదివి, తర్వాత భౌతికశాస్త్రాన్ని ఎంచుకోవచ్చు. ప్రవేశానికి ఐఏటీ (ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్) రాయాలి. అందులో భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలతో సమానంగా జీవశాస్త్రం ప్రశ్నలూ ఉంటాయన్న సంగతి మన ఎంపీసీ పిల్లలకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది. ఇప్పటి నుంచే రోజుకు అరగంట దానికి కేటాయించమనండి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు వస్తే తిరువనంతపురంలోని అంతరిక్ష విజ్ఞాన, సాంకేతిక విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో ఇంజినీరింగ్ ఫిజిక్స్ డ్యూయల్ డిగ్రీ మీ అమ్మాయి కోరికకు అతికినట్టు సరిపోతుంది. దాని చివరి దశలో ఖగోళశాస్త్రంవైపు గాని, ఆప్టికల్ ఇంజినీరింగ్‌వైపు గాని వెళ్లవచ్చు. ఈ రెండూ కుదరకపోతే ఫిజిక్స్ ఆనర్స్‌తో బీఎస్సీ చేసి, ఐఐటీ జామ్ రాసి ఎమ్మెస్సీకి మంచి సంస్థకు వెళ్లే దారి ఉంది. దీనిని చిన్నచూపు చూడకండి.

డబ్బు లెక్క ఇలా ఉంటుంది. ఎంఎస్ లేదా ఎమ్మెస్సీ అయ్యేసరికి అమ్మాయికి 22 ఏళ్లు వస్తాయి. అప్పటివరకు ఖర్చు మీదే. పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయల ఫెలోషిప్, దానికి తోడు ఇంటి అద్దె భత్యం వస్తాయి. అంటే ఆమె పోషణ భారం మీ మీద ఉండదు, కాని ఇంటికి పంపేంత మిగలకపోవచ్చు. పీహెచ్‌డీకి ఐదారేళ్లు, ఆ తర్వాత పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం మరి కొన్నేళ్లు, అది చాలామందికి విదేశాలలోనే. శాశ్వత ఉద్యోగం దొరికేసరికి 30 ఏళ్లు దాటుతాయి, ఆ పోస్టులూ కొద్దివే. పంట రుణం తీర్చే బాధ్యతను రేపు ఈ అమ్మాయి జీతం మీద పెట్టాలనుకుంటే ఈ దారి మీ ఇంటికి తగదని నిర్మొహమాటంగా చెబుతాను. పెళ్లి మాట కూడా ఇప్పుడే ఇంట్లో తేల్చుకోండి. పీహెచ్‌డీ మధ్యలో లేవనెత్తితే నష్టపోయేది ఆమె.

శాశ్వత పరిశోధన పోస్టు దొరకనివారు రోడ్డున పడరు. గుచ్ఛాల సమాచారాన్ని విశ్లేషించినవారికి డేటా రంగంలో పని దొరుకుతుంది. అద్దాలవైపు వెళ్లినవారికి బెంగళూరులో ఇస్రోకు చెందిన ఎలక్ట్రో ఆప్టిక్స్ ప్రయోగశాల లియోస్, ఇండోర్‌లో ఎక్స్ కిరణాల కాంతిశాస్త్రం మీద పనిచేసే ఆర్ఆర్‌క్యాట్ వంటి చోట్లు ఉన్నాయి. అత్యాధునిక చిప్‌లను ముద్రించే యంత్రాలలోని అద్దాలకు కూడా ఇలాంటి పలుచని పొరల విద్యే ఆధారం.

సీఎస్ఈ చేసి తర్వాత మారవచ్చా అంటే, నిబంధనల ప్రకారం మారవచ్చు. ఐయూకా వంటి సంస్థల పీహెచ్‌డీ ప్రవేశ పరీక్షలను బీటెక్ వారు కూడా రాయవచ్చు. కాని ఆ పరీక్షల్లో అడిగే క్వాంటం మెకానిక్స్, విద్యుదయస్కాంత సిద్ధాంతం సీఎస్ఈ తరగతిలో చెప్పరు. నాలుగేళ్లూ వాటిని సొంతంగా చదువుకోవాలి, క్యాంపస్ ఉద్యోగం చేతికొచ్చినప్పుడు దానిని వదులుకోవాలి. అలా చేయగలిగేవారు కొద్దిమందే. బీటెక్ తప్పనిసరి అని ఇంట్లో నిర్ణయమైతే సీఎస్ఈ కంటే ఈసీఈ గాని మెకానికల్ గాని నయం, పరికరాల తయారీవైపు నుంచి ఈ రంగంలోకి ప్రవేశం ఉంటుంది. ఏపీ ఈఏపీసెట్‌కు ఎలాగూ దరఖాస్తు చేయించండి, ఐఏటీ దరఖాస్తు గడువును మాత్రం మీరే స్వయంగా కనిపెట్టి ఉండండి. మన వైపు కాలేజీలలో దానిని గుర్తుచేసేవారు తక్కువ.