స్పీకర్లు వేయిస్తే కారు వారంటీ మొత్తం పోతుందా?

ప్రశ్న: మాది గుంటూరు. 14 నెలల క్రితం 9 లక్షలు పెట్టి కారు కొన్నాను. వారంటీ 3 ఏళ్లు. బేస్ మోడల్ కావడంతో ముందు డోర్లలో రెండు స్పీకర్లే వచ్చాయి. బయట కార్ డెకార్స్ షాపులో వెనక డోర్లకు రెండు స్పీకర్లు, డిక్కీలో సబ్‌వూఫర్, దానికో ఆంప్లిఫయర్ పెట్టించాను. 26 వేలు అయింది, బిల్లు ఉంది. రెండు నెలలకు స్టీరియో పాట మధ్యలో ఆగిపోవడం మొదలైంది. మొన్న ఏసీ కంప్రెసర్ కూడా ఆగిపోయింది. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే ‘వైరింగ్ కట్ చేశారు, వారంటీ మొత్తం క్యాన్సిల్’ అంటున్నారు. ఇది చెల్లుతుందా? పోలీసులు చలానా రాస్తారా? ఇన్సూరెన్సుకు ఇబ్బందా?

సమాధానం: మీ ఫిర్యాదులో రెండు వేర్వేరు కేసులున్నాయి. స్టీరియో ఒకటి, కంప్రెసర్ ఒకటి. రెంటినీ కలిపి ‘మొత్తం క్యాన్సిల్’ అనడమే సర్వీస్ సెంటర్ వారి తప్పు. మీరు కూడా వాటిని కలిపి పోట్లాడితే గెలవాల్సిన కంప్రెసర్ కేసును స్టీరియో కేసు కిందికి లాగేస్తుంది.

ముందుగా వారంటీ పుస్తకం తీసి మార్పుల గురించి రాసిన వాక్యాన్ని అక్షరం వదలకుండా చదవండి. అది సాధారణంగా రెండు రకాలుగా ఉంటుంది. ‘కంపెనీ ఆమోదం లేని మార్పుల వల్ల కలిగిన లోపాలకు వారంటీ వర్తించదు’ అని ఉంటే, మార్పు వల్లే లోపం వచ్చిందని వాళ్లు చూపించాలి. ‘మార్పులు చేసిన వాహనానికి వారంటీ వర్తించదు’ అని ఉంటే వాదన కొంచెం కష్టం. అయినా దారి మూసుకుపోదు. మినహాయింపు షరతును అడ్డుపెట్టుకునేవారే అది ఈ లోపానికి ఎలా వర్తిస్తుందో రుజువు చేయాలి. షరతు రెండు అర్థాలకు తావిస్తే, దాన్ని రాసినవారికి వ్యతిరేకమైన అర్థాన్నే కోర్టులు తీసుకుంటాయి. అమెరికాలో 1975 నుంచీ వారంటీల మీద ప్రత్యేక చట్టం ఉంది. మనకు అలాంటిది లేదు కాబట్టి, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవాలోపమనే దారిలోనే వెళ్లాలి.

స్టీరియో విషయం నిర్మొహమాటంగా చెబుతాను. బేస్ మోడళ్లలో వెనక డోర్లకు వైరు లాగి ఉండకపోవచ్చు. అలాంటప్పుడు కొన్ని షాపుల్లో ముందు స్పీకర్ల వైరునే కోసి, వెనక స్పీకర్లను దానికి ప్యారలల్‌గా కలిపేస్తారు. 4 ఓమ్‌ల స్పీకర్లు రెండు ప్యారలల్‌గా చేరితే స్టీరియో మీద పడే లోడు 2 ఓమ్‌లు అవుతుంది. ఒక్కో ఛానెల్‌కు 4 ఓమ్‌లు ఉంటాయన్న లెక్కతో తయారైన స్టీరియోలో లోపలి ఆంప్లిఫయర్ ఐసీ (చిప్) వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ పాడుతుంది. మీరు చెప్పిన లక్షణం అచ్చంగా ఇలాగే ఉంది. వైరింగ్ తెరిచి చూసినప్పుడు ఇదే తేలితే స్టీరియోకు వారంటీ అడగకండి, ఓడిపోతారు. ఆ నష్టాన్ని రాబట్టాల్సింది డెకార్స్ షాపు నుంచి. బిల్లు ఉంది కాబట్టి వారి మీద సేవాలోపం కేసు నిలుస్తుంది. బిల్లులో సామానుతో పాటు ఫిట్టింగ్ చార్జీ కూడా విడిగా రాసి ఉందేమో చూడండి. ఉంటే ఇంకా మంచిది.

కంప్రెసర్ సంగతి వేరు. ఆంప్లిఫయర్ పవర్ వైరు బ్యాటరీ నుంచి నేరుగా, సొంత ఫ్యూజుతో వచ్చి ఉంటే ఏసీ సర్క్యూటుకూ దానికీ సంబంధమే లేదు. కానీ డ్యాష్‌బోర్డు కింది ఫ్యూజ్ బాక్సులో ఏసీ లైను నుంచి పవర్ తీసి ఉంటే సర్వీస్ సెంటర్ వాళ్ల మాటకు బలం వస్తుంది. అందుకే బయటి ఆటో ఎలక్ట్రీషియన్‌తో ఈ ఒక్క విషయం చూపించి, ఫొటోలు తీయించి, అతని సంతకంతో చిన్న రిపోర్టు తీసుకోండి. అతను అఫిడవిట్ ఇవ్వడానికి ఒప్పుకుంటే వినియోగదారుల కమిషన్ ముందు అది చాలా పనికొస్తుంది. ఈ ఫొటోలు తీసేదాకా స్పీకర్లు గానీ, ఆంప్లిఫయర్ గానీ విప్పించకండి. విప్పేసి తీసుకెళ్తే వారంటీ ఇస్తారని చెప్పేవాళ్లుంటారు. అప్పుడు కోసిన వైర్లు మాత్రమే మిగులుతాయి, అవి ఎందుకు కోశారో చెప్పే ఆధారం పోతుంది.

తర్వాత సర్వీస్ సెంటర్‌కు ఈమెయిల్ పెట్టండి. జాబ్ కార్డు నంబరు రాసి, ఏ క్లాజు ప్రకారం వారంటీ నిరాకరించారో, స్పీకర్ల వైరింగ్ వల్ల కంప్రెసర్ ఎలా పాడైందో రాతపూర్వకంగా చెప్పమని అడగండి. నోటిమాటగా ‘క్యాన్సిల్’ అన్నవారు కాగితం మీద సాంకేతిక కారణం రాయాల్సి వచ్చేసరికి చాలాసార్లు వెనక్కి తగ్గుతారు. జవాబు రాకపోతే తయారీ కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకూ, డీలరుకూ 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. ఈ ఎండల్లో ఏసీ లేకుండా ఆగలేక డబ్బు కట్టి బాగుచేయించుకోవాల్సి వస్తే, బిల్లు మీద ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాయండి. పాత కంప్రెసర్ మాత్రం వదలకుండా ఇంటికి తెచ్చుకోండి. లోపాన్ని పరీక్షకు పంపే అధికారం సెక్షన్ 38 కింద కమిషన్‌కు ఉంది. వస్తువే లేకపోతే ఆ అధికారం ఉన్నా మీకు అక్కరకు రాదు.

ఫిర్యాదును మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. కారుకు చెల్లించిన ధర 50 లక్షల లోపు కాబట్టి అక్కడే నడుస్తుంది. 5 నుంచి 10 లక్షల మధ్య ధరకు ఫీజు 200 రూపాయలు. తయారీ కంపెనీ, డీలరు ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒక జాగ్రత్త: ‘వారంటీ షరతే అన్యాయమైన ఒప్పందం’ అని రాశారా, అలాంటి ఫిర్యాదు వినే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు, రాష్ట్ర కమిషన్‌కే ఉంది. అందుకే షరతు జోలికి పోకుండా, దాన్ని తప్పుగా వర్తింపజేశారని, అది సేవాలోపమని రాయించండి.

ఇక చలానా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 నిషేధించేది ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారిపోయే మార్పుల్ని. డోర్లలో స్పీకర్లు, డిక్కీలో సబ్‌వూఫర్ పెట్టినంత మాత్రాన ఆర్సీలో ఏదీ మారదు. వెనక సీటు తీసేసి ఆ చోట బాక్సులు పెడితే మాత్రం సీట్ల సంఖ్య మారుతుంది. అప్పుడు సెక్షన్ 182ఏ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. శబ్దం వేరే నేరం. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి. అద్దాలు దించి, డిక్కీ తెరిచి వీధిలో పాటలు పెడితే చలానా న్యాయమైనదే. ఆసుపత్రుల దగ్గరైతే నేను కూడా మీ తరఫున వాదించను.

ఇన్సూరెన్సు విషయానికొస్తే, కంపెనీ ధరలో లేని ఎలక్ట్రానిక్ సామాను మామూలు పాలసీలోకి దానంతట రాదు. ఐఎంటీ 24 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి అదనంగా చేర్చే కవరు) తీసుకోవాలి. పాత మోటారు టారిఫ్ లెక్క విలువ మీద 4 శాతం, అంటే మీ 26 వేల బిల్లులో సామాను విలువ 22 వేలనుకుంటే 880 రూపాయలు, పైన జీఎస్టీ. బిల్లు జతచేసి ఇప్పుడే రాసివ్వండి. ఇది తీసుకున్నా ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌తో ఆంప్లిఫయర్ కాలిపోతే డబ్బు రాదు. దొంగతనం, అగ్నిప్రమాదం, యాక్సిడెంట్ లాంటివాటికే వస్తుంది. ఇంకో సంగతి, క్లెయిమ్ తిరస్కరిస్తూ రాసిన లేఖలో లేని కొత్త కారణాన్ని బీమా కంపెనీ తర్వాత కోర్టులో లేవనెత్తకూడదని 2019లో సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే తిరస్కరణ లేఖ ప్రతిని ఎప్పుడూ పోగొట్టుకోకండి.

వైరింగ్ సరిచేయించేటప్పుడు ‘కప్లర్ టు కప్లర్’ అని అడగండి. మీ కారు మోడల్‌కు సరిపోయే అడాప్టర్ హార్నెస్ (సాకెట్లతో వచ్చే వైర్ల సెట్టు) కంపెనీ సాకెట్లోనే దిగుతుంది, ఒక్క వైరూ కోయనక్కర్లేదు. వెనక స్పీకర్లను స్టీరియోకు కలపకుండా, హైలెవెల్ ఇన్‌పుట్ (స్పీకర్ వైరు నుంచే సిగ్నల్ తీసుకునే వీలు) ఉన్న ఫోర్ ఛానెల్ ఆంప్లిఫయర్‌కు కలిపించండి. పవర్ వైరును బ్యాటరీ నుంచి లాగి, బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు పెట్టించాలి. ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే రేకు గోడ (ఫైర్‌వాల్) దాటే చోట రబ్బరు గ్రోమెట్ (రింగు) లేకపోతే రేకు అంచుకు ఇన్సులేషన్ కోసుకుపోయి మంట లేవొచ్చు. డోర్ ప్యానెల్ వెనకుండే ప్లాస్టిక్ షీటును చింపి పారేయనివ్వకండి. వాన నీరు స్పీకర్ మీదికి కారడమే కాదు, కొన్ని కార్లలో సైడ్ ఎయిర్‌బ్యాగు కోసం డోరు లోపలి గాలి ఒత్తిడిని కొలిచే సెన్సర్ ఉంటుంది, దానికి ఆ షీటు కావాలి.

కంప్రెసర్‌కు వారంటీ నిరాకరించిన తేదీ నుంచి 2 ఏళ్లలోగా ఫిర్యాదు వేయాలి. డెకార్స్ షాపు మీద వేసేదానికి స్టీరియో మొదటిసారి ఆగిన రోజు నుంచే లెక్క పెట్టుకోండి.